తాళం వేసిన ఇళ్ళ నెత్తురు

పోయిన నెల గుడియాత్తంలో మా వీధి మొదట్లో ఉన్న పాత ఇంటిని పడగొడుతుంటే చూస్తూ నిలబడ్డాను. తలుపు పక్క గోడ మీద ఏళ్ళ తరబడి కొట్టిన సున్నం పెచ్చులూడి, అడుగునుంచి ఒక నల్లటి చదరం బయటపడింది. అందులో గళ్ళు, గళ్ళలో తేదీలు. ప్రతి తేదీ పక్కనా నిలువుగా ఒక గీత, గీత కింద ఒక చుక్క. కూలివాడు సుత్తి ఎత్తబోతే "ఒక్క నిమిషం ఆగప్పా" అన్నాను. అతను ఆగి, బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా నన్నూ గోడనూ మార్చి మార్చి చూసి, ఆ తర్వాత తన పని తాను చేసుకున్నాడు.

ఇంటికి వచ్చి నెత్తురు చుక్క తీసుకున్న రోజల్లా గోడ మీద వేసే ఆ గీతా చుక్కా సూది మామ సంతకం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అసలు పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. మనుషుల పేర్లు కాగితం మీదికి ఎక్కించడం గురించి ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. ఆయన గురించి రాస్తూ ఆయన మాటే దాటడం నాకిష్టం లేదు.

బెంగుళూరులో గాజు మేడలు లేవడం మొదలైన రోజులవి. మా వీధంతా కట్టుబడి పని చేసే తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పంతానికి పోయి నేర్చుకున్నాను. కంట్రాక్టరు లారీ వచ్చిందంటే సగం వీధి తట్టా బుట్టా సర్దుకుని ఎక్కేది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ అదే లారీలో దిగేది. దిగేవాళ్ళు కొత్త రేడియోలూ ప్లాస్టిక్ కుర్చీలూ తెచ్చేవాళ్ళు. కొందరు జ్వరాలు కూడా తెచ్చేవాళ్ళు.

ఆ జ్వరాల కోసమే వేలూరులో ఒక అద్దె మేడ మీద చిన్న ప్రాజెక్టు ఒకటి నడిచేది. ఇప్పుడది లేదు. పనికి పోయివచ్చే మనుషులతో పాటు ఏ రకం మలేరియా ఏ వీధికి ప్రయాణం చేస్తున్నదో కనిపెట్టడం దాని ఉద్దేశం. నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ని. మా వీధిలో డిగ్రీ చదివిన మొదటివాడిని కాబట్టి నేల మీద నడిచేవాణ్ణి కాదు. సూది మామ ఇంటింటికీ తిరిగి నెత్తురు చుక్కలు సేకరించే మనిషి. వేలి కొస సూదితో గుచ్చి, ఒక్క చుక్కను అట్టలాంటి మందపాటి కాగితానికి తాకించి ఆరబెట్టాలి. ఆ ఎండిన మచ్చలోంచి మేం మలేరియా పురుగు ఆనవాలు బయటికి తీసేవాళ్ళం. అది గోరంతే ఉన్నా కొత్తగా వచ్చిన యంత్రం దాన్ని నిజంగానే కొండంత చేసేది. ఆ తర్వాత చీకటి గదిలో దీపం వేస్తే, జిగురు పలక మీద నారింజ రంగు గీతలు వెలిగేవి. గీత ఏ ఎత్తులో ఉంటే ఆ రకం మలేరియా. మైక్రోస్కోపు కింద దొరకని దొంగ ఇక్కడ దొరికిపోయేవాడు.

సూది మామ మనిషి పొట్టి. మోకాళ్ళ దాకా ఎగగట్టిన లుంగీ, చంకలో గొడుగు. ఆ గొడుగు విప్పగా చూసినవాళ్ళు లేరు. చేతిలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు. అందులో అన్నం ఉండేది కాదు. చెమ్మ తగిలితే చుక్కలు చెడిపోతాయని అడుగున వేయించిన బియ్యం పోసి, పైన కాగితాలు పేర్చి గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో తెచ్చేవాడు. మేమిచ్చిన చెమ్మ పీల్చే పొట్లాలు అయిపోయినప్పుడు ఆయన కనిపెట్టుకున్న ఉపాయం అది. కండక్టరు రోజూ "ఎన్న పెరియవరే, సాప్పాడా?" అని, ఏం పెద్దాయనా, అన్నమా అని అడిగేవాడట. ఈయన రోజూ "రాగి సంగటి" అని చెప్పేవాడట.

ఆయన నోట నెత్తురనే మాట విన్న గుర్తు లేదు. "చుక్క" అనేవాడు. చుక్క ఆరేదాకా నోరు విప్పేవాడు కాదు. మాట మధ్యలో ఉన్నా, ఎదుటివాళ్ళు ప్రశ్న అడిగినా, కాగితం మీద తడి పోయేదాకా రాయిలా కూర్చునేవాడు. దాని మీద ఎవరి నీడా పడనిచ్చేవాడు కాదు. మామూలప్పుడు నోట్లో నువ్వుగింజ నానని మనిషి అలా బిగుసుకుపోతే చూసేవాళ్ళకు ఎలాగో ఉండేది. గుచ్చే ముందు వేలిని పట్టుకుని ఉఫ్ మని ఊది, ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పేవాడు. ముసలమ్మలకు ఒకటి, చిన్నపిల్లలకు ఒకటి, మీసాలు మెలేసి సూదికి వణికిపోయే మేస్త్రీలకు ఒకటి. ఏ ఇంట్లో ఎవరు దేనికి భయపడతారో ఆయనకు కంఠతా వచ్చు.

ఇక తాళం వేసిన ఇళ్ళ సంగతి. అక్కడ కూడా ఆయన తలుపు తట్టేవాడు. పేరు పెట్టి పిలిచి, చెవి ఒకవైపు వంచి, లోపలి మనిషి వంటింట్లోంచి నడిచి రావడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఆగేవాడు. మా వీధివాళ్ళు దీన్ని చూసి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఆ ఏడు చలికాలం పోయేటప్పుడు చీకటి గదిలో ఒక గీత కనిపించింది. ఉండకూడని ఎత్తులో ఉంది. మా ప్రాంతంలో మేమెప్పుడూ చూడని రకం మలేరియా అది. రెండు రోజులు వదిలిపెట్టి మళ్ళీ జ్వరం తెచ్చే రకం. మందు పడకపోతే పదేళ్ళయినా, ముప్పై ఏళ్ళయినా జ్వరమే లేకుండా మనిషి నెత్తురులో అద్దె కట్టకుండా కాపురం చెయ్యగల రకం. మొదట ఒక్క కాగితంలో. తర్వాతి వారం ఆరింట్లో. నెల తిరిగేసరికి నలభై ఒక్క కాగితాల్లో, అన్నీ ఒకే వీధివి. దీపం వేసేసరికి ఆ గీతలన్నీ ఒకే ఎత్తులో వరసగా నిలబడి నాకేసి చూస్తున్నట్టే ఉండేవి. ఆ గదిలోకి ఒంటరిగా పోవడానికి నాకు భయం పట్టుకుంది. పగలు పదకొండు గంటలకు, బయట బస్సులు హారన్లు కొడుతుండగా, భయం.

ప్రాజెక్టు నడిపే మా డాక్టరమ్మకు మాత్రం నిద్ర పట్టలేదు, సంతోషంతో. "ఇన్ని ఇళ్ళలో ఉంది, జ్వరం మాత్రం ఒక్కరికే. ఇదెట్లా?" అంటూ రిజిస్టరు తెరిచింది. కాగితాల మీద అంకెలే ఉంటాయి. ఏ అంకె ఎవరిదో ఆమె రిజిస్టరులో ఉంటుంది. నేను ఆమె భుజం మీంచి చదివాను. ముప్పై ఒకటో నంబరు దగ్గర మా అన్న పేరు ఉంది.

మా అన్న అప్పటికి నాలుగు నెలలుగా బెంగుళూరులో ఉన్నాడు. సెంట్రింగు పని. వదిన కూడా వెంట వెళ్ళింది. నేను వేలూరులో గది తీసుకుని ఉండేవాణ్ణి. మా ఇంటికి తాళం. అలాంటప్పుడు పోయిన వారం గుడియాత్తంలో మా అన్న వేలినుంచి చుక్క ఎలా వచ్చింది?

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి వాళ్ళ పని దగ్గరి టీకొట్టుకు ఫోను చేశాను. అన్న వచ్చి, "నేను యాడికీ కదల్లేదురా. పదకొండో అంతస్తు ఏస్తా ఉండాము. యేం, ఇంటికాడ ఏమన్నా ఆయనా?" అన్నాడు. ఏం లేదని పెట్టేశాను.

మరునాడు డాక్టరమ్మ నన్ను మా వీధికే పంపింది, మళ్ళీ చుక్కలు తెమ్మని. వీధి కొసనున్న రెడ్డెమ్మత్త అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. అగ్గిపెట్టెల అట్టలు అంటించి బతికే మనిషి. జ్వరం వచ్చిన ఆ ఒక్కరూ ఆమే. నలభై ఒక్క మందిలో కళ్ళెదుట ఉన్న మనిషి కూడా ఆమె ఒక్కతే.

"తక్కినోళ్ళంతా యాడుండారత్తా?"

"యాడుంటారు నాయనా, లారీ ఎక్కిపోయినోళ్ళు ఇంగా రాలా. నీకు తెలీదా, మీ అన్న గూడా పోయిండాడు గదా."

"మరి సూది మామ ఎవరికాడ తీసినాడు చుక్కలు?"

ఆమె వీధి అవతలికి చూసింది. "అదో, పిలస్తా ఉండాడు సూడు" అంది.

మా ఇంటి ముందు సూది మామ తలుపు తడుతున్నాడు. మా అన్నను పేరు పెట్టి పిలిచాడు. ఆగాడు. తలుపు తెరిచినప్పుడు జరిగినట్టే కొంచెం పక్కకు జరిగాడు. తర్వాత మా అరుగు మీద కూర్చుని, కుడిచేత్తో తన ఎడమచేతిని పట్టుకున్నాడు. తన చేతిని కాదు, ఎవరిదో చేతిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తన వేలి మీద తానే ఊదాడు.

"సెంట్రింగు మింద ఎలకమాదిరి పరిగెత్తేవోడివి, ఈ సూదికి భయపడతావేమిరా? తల అట్ల తిప్పుకో" అన్నాడు.

చిన్నప్పటినుంచి మా అన్నకు సూదంటే భయం. గుచ్చేటప్పుడు తల తిప్పుకుంటాడు. సూది మామ తల తిప్పుకున్నాడు. గుచ్చాడు. చుక్క కాగితం మీద పడింది. ఎర్రటి ఎండ, వీధిలో కోళ్ళు తిరుగుతున్నాయి.

"మామా!" అన్నాను. ఆయన పలకలేదు. నన్ను చూశాడు, చెయ్యెత్తి ఆగమన్నాడు. నా నీడ కాగితం మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చుక్క ఆరేదాకా మేమిద్దరం మా ఇంటి ముందు మాట లేకుండా ఉండిపోయాం. అప్పుడు చూశాను ఆయన వేళ్ళు. పది వేళ్ళ కొసలూ నువ్వులు చల్లినట్టు నల్లటి మచ్చలు.

ఆరాక ఆయనే మొదలుపెట్టాడు. కోపం లేదు, సిగ్గు లేదు.

"నాకప్పుడు ఇరవై ఏండ్లప్పా. కొండలమింద ఆనకట్ట కడతా ఉండారు. జొరాలు ఎక్కువయినాయని ఎవురో వచ్చి కూలోళ్ళ పేర్లన్నీ రాసుకున్నారు. పేరు పిలిస్తే పోయి చుక్క ఇయ్యాల. నాకు భయం. గుడిసెలో దుప్పటి కప్పుకోని పండుకున్నా. నా పేరు పిలస్తానే నా జతగాడు పోయి వాని వేలు సాచినాడు. తిరిగొచ్చి, నీది గూడా నేనే ఇచ్చేసినా పండుకోరా అని నగినాడు."

"తర్వాత?"

"ఎనిమిదో నాడు పునాది గుంతలో పడిపోయినాడు. పైనుంచి కాంక్రీటు పోస్తా ఉండారు. తీయనీకి కాలేదు." కాగితాన్ని క్యారియరులో పెట్టి మూత వేశాడు. "పేరు నాది. చుక్క వానిది. పిలుపు చుక్కని ఎతుక్కుంటా వచ్చింది."

కట్టుబడి పనివాళ్ళ ఇళ్ళలో పుట్టాను కాబట్టి ఆయన చెబుతున్నది నాకు వెంటనే అర్థమైంది. పెద్ద కట్టడం లేస్తున్నదంటే పునాది మనిషిని అడుగుతుందని, అడిగేవాళ్ళు ముందు పేర్లు రాసుకుంటారని మా అవ్వ చెప్పి భయపెట్టేది. డిగ్రీ వచ్చాక నేను దాన్ని నవ్వుతాలుగా స్నేహితులకు చెప్పేవాణ్ణి.

"మీ రిజిస్టర్లో మీవోళ్ళ పేర్లన్నీ రాసుకున్నారు గదా నాయనా. పేరు రాసినాక చుక్క అడుగుతాది. అడిగేది ఊరుకోదు. వాండ్లేమో మేడలమింద నిలబడుకోని ఉండారు. అందుకని నేనిచ్చినా. వస్తే నాకాడికి రానీ."

నలభై పేర్లకూ ఆయన చుక్కే. నలభై గీతలూ ఆయన ఒంట్లో ఉన్న ఒకే ఒక్క దొంగవి. ఆ ఆనకట్ట దగ్గర పట్టుకున్న జ్వరం ఇన్నేళ్ళూ ఆయన లోపల చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉంది. జతగాడు పోయిన చోటునుంచే ఆయన దాన్ని వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడు దోమ మోసుకుపోయి రెడ్డెమ్మత్తకు అంటించింది. ఇదంతా ఆయనకు వివరించి చెప్పాను, మాత్రలు మింగాలన్నాను. మొదటిరోజు నాలుగు, రెండోరోజు నాలుగు, మూడోరోజు రెండు, అంతే.

ఆయన శ్రద్ధగా విన్నాడు. వినీ విని, "మందు మింగితే నా లోపలుండేది సచ్చిపోతాది. అప్పుడు నా చుక్క వేరే అయిపోతాది గదప్పా. ఆ కాయితాల్లో ఉండేది ఎవురిదని అనుకుంటాది అది?" అని అడిగాడు.

"ఏది మామా? ఏది అనుకుంటాది?"

"మీ అన్న వచ్చేదాకా తాళు నాయనా. ఇంగ రెండు నెల్లు. అందురూ దిగినాక నువ్వేమిచ్చినా తింటా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని బతిమాలాడు. అంత పెద్దమనిషి నన్ను బతిమాలుతుంటే నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే భయం వచ్చింది, దాన్ని కోపంలాగా వాడుకున్నాను. చెయ్యి పట్టుకుని రెడ్డెమ్మత్త దగ్గరికి లాక్కుపోయాను.

అప్పటికే ఆమెకు చలి మొదలైంది. పళ్ళు టకటకమంటున్నాయి. దుప్పటి లోపలినుంచే మాట్లాడింది. "రెండు దినాలు బాగానే ఉంటాది నాయనా. మూడో దినం ఇదే యేళకి ఎవురో వచ్చి నా మింద కూసుంటారు. బరువు. మగమనిషి బరువు. లేయమంటే లేయడు."

సూది మామ ఆమె ముందు చతికిలబడ్డాడు. ఆమెకేసి చూశాడు, ఆమెను కాదేమో, ఆమె మీద కూర్చున్నవాణ్ణి చూస్తున్నట్టు చూశాడు. "నాకాడ ఉండాల్సినోడు ఈమెకాడికి వచ్చినాడు" అని గొణిగి, అరచెయ్యి నాముందు చాపాడు. "ఇయ్యప్పా."

రెడ్డెమ్మత్తకూ ఆయనకూ ఒకేసారి మందు మొదలుపెట్టాను. డాక్టరమ్మకు సంగతంతా చెప్పాను. మొదట మండిపడింది, ఆ తర్వాత ఆ నలభై కాగితాలూ కాల్చెయ్యమంది. మాత్రలు ఆయన ఉమ్మెయ్యకుండా దగ్గరుండి మింగించమంది. మూడు రోజులూ నేనే పోయాను. మొదటిరోజు, మా అన్న ఎన్నో అంతస్తులో ఉన్నాడని అడిగాడు. పదకొండు అన్నాను. రెండోరోజు పన్నెండు వేశారా అని అడిగాడు. మూడోరోజు ఏమీ అడగలేదు. చివరి రెండు మాత్రలూ మింగి, లోటా బోర్లించి, తన చేతివేళ్ళను ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు.

"ఇంగ లోపల నేనొక్కణ్ణే ఉండాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ల్యాబులో కాగితాలు కాల్చాను. ఒక్కొక్కటీ మంటలో వేస్తూ పోయాను. ముప్పై ఒకటో నంబరు చేతికి వచ్చింది. దాన్నీ వేశాను. వేసి, చెయ్యి కడుక్కుని, తలుపు గడియ పెట్టి, కొత్త కాగితం ఒకటి తీశాను. దాని మీద మా అన్న పేరు రాశాను. సూది తీసి నా ఉంగరపు వేలు గుచ్చుకున్నాను. ఆరేదాకా ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను నమ్మానా? లేదు. నమ్మకపోతే సూది ఎందుకు పట్టుకున్నావంటే ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలీదు. అన్న మీద ప్రేమ, అంతే. మిగిలిన ముప్పై తొమ్మిది పేర్లు ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

మందు మొదలుపెట్టిన ఐదో రోజు ఉదయం బూత్‌నుంచి కబురొచ్చింది. బెంగుళూరులో పరంజా విరిగి, ఆ నలభై పేర్లలో ఒకడు, మా వీధి మూడో ఇంటి మేస్త్రి పన్నెండో అంతస్తునుంచి పడిపోయాడు. మా అన్న పక్క గదిలో పని చేస్తున్నాడు. ఫోనులో అన్న చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి సూది మామ వేలూరు వచ్చాడు. టిఫిన్ క్యారియరు లేదు, గొడుగు లేదు. మేడ మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టాను. అక్కడ నడుముకు బెల్టులివ్వరని, కింద వల కట్టరని, తడిసిన కట్టెలతో పరంజా వేస్తారని, మనుషులు పడేది అందుకేనని, మందుకూ దీనికీ సంబంధం లేదని చెప్పాను. అదంతా నిజమే. నా గొంతు మాత్రం అవసరమైన దానికంటే పెద్దగా ఉంది.

"నిజమేనప్పా" అన్నాడు. "మీ అన్న బాగుండాడా?"

"బాగుండాడు మామా."

ఆయన నా ఎడమచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఇళ్ళలో ఆడవాళ్ళ చేతుల్ని తీసుకున్నంత మెల్లగా తీసుకుని, వెల్లకిలా తిప్పాడు. ఉంగరపు వేలి కొసన నల్లటి మచ్చ ఉంది. దాన్ని బొటనవేలితో తడిమాడు. మిగిలిన వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు. కుడిచెయ్యి కూడా అడిగి తీసుకుని, ఐదు వేళ్ళూ చూశాడు.

"ఒక్కటేనా నాయనా?" అన్నాడు.